ప్రభువు బల్లయు, పసుపంటిన చేతులును

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 10:16-17, 11:17-34, యోహాను 6:48-63



కొన్ని వారముల క్రిందట ఆర్మూరు ప్రాంతమందలి ఒక గ్రామములో సంస్కారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నాయొద్దకు వచ్చి నిలిచినది. "అయ్యగారూ, మా బిడ్డను కథోలికుల ఇంటికి ఇచ్చినం. అత్తగారింటోళ్లతోని ఆదివారం పూజకు పోతున్నది. వాళ్ల అప్పం, మన రొట్టె ఒకటేనా, వేరేనా? బిడ్డ తీస్కోవచ్చునా, తీస్కోవద్దా?" అని అడిగినది.

అవి పసుపు త్రవ్వు దినములు. ఆమె కూలికి పోయి కొమ్ములు విరిచి ఏరు మనిషి. ఆమె చేతులు మణికట్టు వరకు పచ్చగా నుండెను. ఆ ఉదయము రొట్టె పుచ్చుకొనునప్పుడు ఆమె చేతులు చాపుటకు వెనుదీసి, కొంగుతో తుడుచుకొని, ఆ తరువాతనే చాపుట నేను చూచితిని. ఆ సంగతి అడిగితిని. "ఎంత కడిగినా పోతలేదు అయ్యగారూ. ఈ చేతులతోని ప్రభువు రొట్టె ఎట్ల పట్టుకోవాలె?" అని సిగ్గుపడినది.

ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి అప్పమును గూర్చినది, రెండవది చేతులను గూర్చినది. నిలిచిన చోటనే కొన్ని మాటలు చెప్పితిని గాని అవి నాకే చాలలేదు. ఇట్టి ప్రశ్నలు మన సంఘములలో అనేకుల యిండ్లలో ఉన్నవి గనుక, మన పత్రిక ద్వారా కొంత వివరముగా వ్రాయుచున్నాను.

కథోలికులు ఏమి నమ్ముచున్నారు?

మొదట పేరు. మనము దీనిని ప్రభురాత్రి భోజనమనియు, సంస్కారమనియు, బల్ల అనియు పిలుచుచున్నాము. కథోలికులు ఆ ఆరాధనను దివ్యపూజ యనియు, అందులో పుచ్చుకొను దానిని దివ్యసత్ప్రసాదమనియు పిలుతురు. లోకమంతట వాడుకలో నున్న యూకరిస్తు అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. కృతజ్ఞతాస్తుతి అని దాని అర్థము. ప్రభువు రొట్టెను పట్టుకొని, విరుచుటకు ముందు దేవునికి కృతజ్ఞతలు చెల్లించెనని లూకా 22:19లో చదువుచున్నాము. ఆ పేరు విషయములో వారికిని మనకును తగవు లేదు.

దివ్యపూజకు రెండు ముఖ్య భాగములు కలవు. మొదటిది వాక్యభాగము. ఆదివారములలో పాత నిబంధన, కీర్తన, పత్రిక, సువార్త వరుసగా చదువబడును. రెండవది బల్ల భాగము. అప్పమును ద్రాక్షారసమును తెచ్చి పీఠముమీద ఉంచినప్పుడు, భూమి పంటయు మనుష్యుల చేతికష్టమునైన వాటిని ఇచ్చినందుకు గురువు దేవుని స్తుతించును. పిమ్మట ప్రభువు ఆ రాత్రి పలికిన మాటలు పలుకబడును. విశ్వాసులు వచ్చి పుచ్చుకొందురు. మిగిలిన అప్పమును మందసములో భద్రపరచి, రోగులయొద్దకు కొనిపోవుదురు. మందసము దగ్గర ఒక దీపము వెలుగుచుండును.

ఆ మాటలు పలుకబడినప్పుడు అప్పము క్రీస్తు శరీరముగాను, ద్రాక్షారసము ఆయన రక్తముగాను మారునని కథోలికులు నమ్ముదురు. కంటికి రూపము మారదు, నాలుకకు రుచి మారదు. వస్తువుయొక్క అంతరంగ స్వభావమే మారునని వారి బోధ. ఈ మార్పును గూర్చిన పదము 1215లో రోమునందలి లాతరను మహాసభ చేసిన విశ్వాస ప్రకటనలో కనబడుచున్నది. 1551లో ట్రెంటు మహాసభ దానిని మరింత వివరముగా స్థిరపరచినది.

మనలో కొందరు, "వారు పూజలో క్రీస్తును ప్రతిదినము మరల బలి యిచ్చుచున్నారు" అని చెప్పుచుందురు. ఇది వారు బోధించునది కాదు. 1562లో అదే ట్రెంటు మహాసభ చెప్పినదేమనగా, సిలువమీద రక్తము చిందించి తన్నుతాను అర్పించుకొనిన క్రీస్తే పూజలో రక్తము చిందింపక అర్పింపబడుచున్నాడు. బలి ఒక్కటే, అర్పించు విధము వేరు. ఈ మాటతో మనము ఏకీభవింపకపోవచ్చును. అయినను పొరుగువాడు అనని మాటను అతనికి అంటగట్టుట అబద్ధ సాక్ష్యమే యగును. అది పది ఆజ్ఞలలో ఒకదానిని మీరుట.

ఒకప్పుడు ఆ పూజ లతీను భాషలో జరుగుచుండెను. పాత్ర సామాన్య విశ్వాసులకు ఇయ్యబడకుండెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనను గూర్చిన తన శాసనమును ప్రకటించిన తరువాత, ప్రజల భాషలలో పూజ జరుగుటకును, కొన్ని సందర్భములలో పాత్రను కూడ ఇచ్చుటకును మార్గము తెరువబడెను. నేడు మన జిల్లాలోని కథోలిక విశ్వాసి దివ్యపూజను తెలుగులోనే వినుచున్నాడు. మన పితరులు దేశభాషలో ఆరాధన కావలెనని ఎంత పోరాడిరో ఎరిగిన మనకు ఇది సంతోషకరమైన సంగతి.

వారు లేఖనములను చదువు రీతి

కథోలికులు ఈ బోధకు ఆధారముగా లేఖనములనే చూపుదురు. ఆదికాండము 14లో షాలేము రాజైన మెల్కీసెదెకు రొట్టెను ద్రాక్షారసమును తెచ్చి అబ్రామును ఆశీర్వదించెను. నిర్గమకాండము 12లో పస్కా గొర్రెపిల్లను వధించుటతో పని ముగియలేదు, దానిని తినవలసి యుండెను. 16వ అధ్యాయములో ఆకాశమునుండి మన్నా కురిసెను. మలాకీ 1:11లో, సూర్యోదయ దిశ మొదలుకొని అస్తమయ దిశవరకు అన్యజనులలో పవిత్రమైన అర్పణ జరుగునని ప్రవక్త చెప్పెను. ఇవన్నియు ప్రభువు బల్లకు ముందుగుర్తులని వారు చదువుదురు.

వారికి అన్నిటికంటె బలమైన ఆధారము యోహాను 6వ అధ్యాయము. ప్రభువు తానే జీవాహారమని చెప్పి, తన శరీరమును తిని తన రక్తమును త్రాగనివారికి జీవము లేదనెను. అది కఠినమైన మాట యని సణిగి శిష్యులలో అనేకులు వెళ్లిపోయిరి. "ఆయన ఉపమానముగా చెప్పియుండినయెడల వారిని వెనుకకు పిలిచి అర్థము చెప్పకపోవునా? పోనిచ్చెను గదా!" అని వారు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఎమ్మాయు గ్రామములో శిష్యులు ప్రభువును రొట్టె విరుచుటయందు గుర్తుపట్టిన సంగతిని కూడ (లూకా 24:30-35) వారు ఎంతో ప్రీతితో జ్ఞాపకము చేసికొందురు.

మనము ఎక్కడ వేరగుచున్నాము?

మనము ఆ అధ్యాయమునే చదివి 63వ వచనమునొద్ద నిలిచెదము. జీవింపజేయునది ఆత్మయే యనియు, తన మాటలు ఆత్మయు జీవమునై యున్నవనియు ప్రభువు అక్కడ చెప్పెను. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయమును కూడ గట్టిగా పట్టుకొందుము. క్రీస్తు ఒక్కసారియే తన్ను అర్పించుకొనెను, ఆ అర్పణ సదాకాలమునకు చాలును. కాబట్టి బల్లయొద్ద మనము తెచ్చునది పాపపరిహారార్థ బలి కాదు. జరిగిపోయిన బలియొక్క ఫలమును విశ్వాసముచేత పుచ్చుకొనుచున్నాము.

అయితే మనవారందరును ఒకే మాట చెప్పిరని తలంపకుడి. 1529లో జర్మనీ దేశపు మార్బర్గు పట్టణములో లూథరును జ్వింగ్లీయు కూడుకొనిరి. సిద్ధపరచిన 15 అంశములలో 14 అంశములమీద ఏకీభవించి, చివరిదైన ప్రభు భోజనములో క్రీస్తు శరీర సన్నిధిని గూర్చి మాత్రము ఏకీభవింపలేకపోయిరి. సమాధానపు భోజనముమీదనే సమాధానపడలేకపోవుట ఎంత విచారకరము!

మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన వెస్లియను మిషనరీలు జాన్ వెస్లీ బోధలో పెరిగినవారు. వెస్లీ సహోదరులు 1745లో ప్రభు భోజనమును గూర్చి 166 కీర్తనల గ్రంథమును ప్రచురించిరి. క్రీస్తు బల్లయొద్ద నిజముగా ఉన్నాడని వారు నమ్మిరి. ఏ విధముగా ఉన్నాడో వివరించుటకు పూనుకొనలేదు. సాధ్యమైనంత తరచుగా పుచ్చుకొనుట క్రైస్తవుని విధి యని జాన్ వెస్లీ 1787లో అచ్చువేయించిన ప్రసంగములో బోధించెను. బల్ల లేని ఆదివారము త్వరగా ఇంటికి పోవచ్చునని సంతోషించు మనకు ఆ మాట ఒక హెచ్చరిక.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, బిషప్పులు కలిగిన సంఘములును లేని సంఘములును ఒకే బల్లయొద్దకు వచ్చెను. ఆ ఐక్యతకొరకు ఎంతో పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆ దినమును కన్నులార చూడలేదు. 1950లో వాడుకలోనికి వచ్చిన మన ప్రభు భోజన క్రమములో రొట్టెయు ద్రాక్షారసమును కానుకలతోకూడ జనుల మధ్యనుండి తేబడును. ఒకరి చేతులలో ఒకరు చేతులుంచి సమాధానము ఇచ్చుకొను ఆచారమును పురాతన సిరియా సంఘముల ఆరాధననుండి తీసికొని ఆ క్రమములో చేర్చిరి. చేయి చేయి తగులకుండ ప్రభువు బల్ల సాగదని అది మనకు నేర్పుచున్నది.

జ్ఞాపకము అను మాటను గూర్చి ఒక సంగతి చెప్పవలెను. తన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడని ప్రభువు ఆజ్ఞాపించెను. "అయితే ఇది జ్ఞాపకమే గదా" అని మనలో కొందరు తేలికగా అందురు. నిర్గమకాండము 13:8 చూడుడి. పస్కా పండుగలో తండ్రి తన కుమారునితో, ఐగుప్తునుండి నేను వచ్చినప్పుడు యెహోవా నాకు చేసినదానినిబట్టి దీనిని ఆచరించుచున్నానని చెప్పవలెను. ఎన్నో తరముల తరువాత పుట్టినవాడు సహితము "నాకు చేసెను" అనియే చెప్పవలెను. మన పల్లెలలోను ఇట్టిది కలదు. "మా తాత మాట ఇచ్చిండు" అని చెప్పి మనుమడు ఆ దారి విడిచిపెట్టును, ఆ బాకీ తీర్చును. తాత చనిపోయి ఎన్ని యేండ్లయినను ఆ మాట నేటికిని పని చేయుచున్నది. బైబిలులోని జ్ఞాపకము అట్టిది. 1982లో పెరూ దేశములోని లీమా పట్టణమునందు అనేక సంఘముల వేదపండితులు, వారిలో కథోలికులును ఉండగా, సిద్ధపరచిన పత్రములో జ్ఞాపకమునకు ఈ బలమైన అర్థమునే చెప్పిరి. తగవు తీరలేదు గాని ఇరువురును మాటలాడుకొను చోటు ఒకటి దొరికినది.

కొరింథులో జరిగిన తప్పు

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అపొస్తలుడైన పౌలు కొరింథీయులను కఠినముగా గద్దించెను. మీరు తినునది ప్రభువు రాత్రి భోజనము కానేకాదని వ్రాసెను. వారు చేసిన తప్పు ఏమిటి? రొట్టె మారునా మారదా అను విషయములో వారు తప్పుగా నమ్మిరని ఆయన చెప్పలేదు. ఒకడు ఆకలితో నుండగా మరియొకడు మత్తుడగుచున్నాడనియు, లేనివారిని సిగ్గుపరచుచున్నారనియు చెప్పెను. ఉన్నవారు తమ భోజనము తెచ్చుకొని ముందుగా తినిరి. లేనివారు ఖాళీ బల్ల చూచిరి. 33వ వచనములో, ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనుడని పౌలు చెప్పిన మందు ఆ రోగమునకే.

ఆ తరువాతనే భయము పుట్టించు మాట వచ్చుచున్నది. ప్రభువు శరీరమని వివేచింపక తిని త్రాగువాడు తనకు తీర్పు కలుగుటకే తినుచున్నాడు. ఇక్కడ శరీరమనగా ఏది? అప్పములోని ప్రభువు శరీరమని కథోలికులు చెప్పుదురు. సంఘమను శరీరమని మనవారిలో అనేకులు చెప్పుదురు. పౌలు ఈ రెంటిని విడదీయలేదు. 10వ అధ్యాయములో, రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నామని ముందుగానే వ్రాసెను. రొట్టెను ఘనపరచి సహోదరుని హీనపరచువాడు వివేచింపనివాడే. రొట్టెను గూర్చి సరిగా బోధించి సహోదరుని ఆకలితో పంపువాడును వివేచింపనివాడే. ఈ వచనము ఎదుట కథోలికుడును మనమును ఒకే వరుసలో నిలువవలసి యున్నది.

మరియొక సంగతి. అయోగ్యముగా తినుట అని పౌలు వ్రాసెను. అది తిను విధమును గూర్చిన మాట. తినువాడు యోగ్యుడైయుండవలెనని దాని అర్థమైతే మనలో ఒక్కడైనను బల్లయొద్దకు రాలేడు. "నేను పాపిని, నాకు యోగ్యత లేదు" అని ఏడ్చుచు దూరముగా కూర్చుండు దీనులు ఈ వచనమునకు భయపడి ఆకలితో పోవుచున్నారు. అన్యాయము చేసి నిర్భయముగా వచ్చువారు దానిని విననైన వినుటలేదు.

రొట్టె ఎవరి కష్టము?

కథోలికుల బైబిలులో మన బైబిలులో లేని కొన్ని పుస్తకములు కలవు. వాటిలో సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము ఒకటి. ఈ యేసు మన ప్రభువు కాడు, ఆయనకు ముందటి కాలపు యూదా జ్ఞాని. సిద్ధాంతము స్థాపించుటకు మనము ఈ గ్రంథములను ఆధారముగా తీసికొనము. అయినను నడవడి నేర్చుకొనుటకు చదువదగినవని ఆంగ్లికను సంఘము తన విశ్వాస సూత్రములలో ఒప్పుకొనినది.

ఆ గ్రంథము 34వ అధ్యాయములో బలిని గూర్చి ఒక బోధ కలదు. అన్యాయముగా సంపాదించినదానిని దేవునికి అర్పించుట ఆయనను ఎగతాళి చేయుటయే. పేదవాని సొమ్ము తీసికొని బలి తెచ్చువాడు తండ్రి కన్నులయెదుట కుమారుని చంపువానివంటివాడు. పేదవానికి రొట్టెయే ప్రాణము. కూలివాని కూలి ఎగగొట్టువాడు రక్తము చిందించువాడు. దాని భావమిది.

ఈ మాటలు ఒక మనిషిని ఎట్లు మార్చెనో చరిత్రలో కలదు. బర్తొలొమే దె లాస్ కాసాస్ అను స్పెయిను దేశస్థుడు 1502లో అమెరికా ప్రాంతపు దీవులకు వెళ్లెను. ఆయన గురువు. క్యూబా దీవిలో ఆయనకు భూమి దొరికెను. దానితోకూడ ఆ దేశపు ఆదివాసులు వెట్టిచాకిరి చేయుటకు ఇయ్యబడిరి. ఒక ప్రక్క పూజ చేయుచు, ఒక ప్రక్క వారి కష్టముమీద బ్రదికెను. 1514లో పెంతెకొస్తు పండుగ ప్రసంగమునకు సిద్ధపడుచు ఆయన ఈ 34వ అధ్యాయమును చదివెను. తాను పీఠముమీద ఎత్తుచున్న అప్పము ఎవరి రక్తమో ఆయనకు తెలిసినది. తన క్రిందనున్న ఆదివాసులను విడిచిపెట్టి, 1514 ఆగష్టు 15న బహిరంగముగా ప్రసంగించి, ఇట్టి వెట్టి పాపమని చాటెను. 1566లో చనిపోవువరకు వారి పక్షముగా వాదించెను. ఆదివాసుల భారము తగ్గించుటకై ఆఫ్రికా దేశస్థులను దాసులుగా తీసికొనిరమ్మని మొదట చెప్పి, ఆ తప్పునకు తరువాత ఎంతో పశ్చాత్తాపపడెను. కన్నులు తెరువబడినవానికి సహితము ఒక ప్రక్క చీకటి మిగిలియుండునని దీనివలన నేర్చుకొందము.

అప్పము మారునా అను ప్రశ్నలో లాస్ కాసాస్‌కు సందేహము లేదు, ఆయన కథోలికుడే. ఆయనను కదిలించినది వేరొక ప్రశ్న: ఈ అప్పము నన్ను మార్చెనా? కథోలికుల బోధగాని మన బోధగాని ఈ ప్రశ్ననుండి ఎవనిని తప్పింపలేదు.

మన ఊరి సంగతి

ఆర్మూరు చుట్టునున్న చేలలో పసుపు ఎట్లు పండునో మీకు నేను చెప్పనక్కరలేదు. తొలకరికి విత్తినది త్రవ్వి తీయుటకు ఎనిమిది తొమ్మిది మాసములు పట్టును. ఆ తరువాత ఉడుకబెట్టవలెను, దినముల తరబడి ఎండబెట్టవలెను, మెరుగుపెట్టవలెను, అంగడికి తోలవలెను. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో ప్రారంభమైనది. క్వింటాలు ధర ఎంత యని మనమందరము అడుగుచున్నాము, అడుగవలసినదే. రైతు కష్టము రైతుకు దక్కవలెను. అయితే కొమ్ములు విరిచి ఏరిన ఆ తల్లి కూలి సరిగా ముట్టినదా? మగవానితో సమానముగా వంగి పనిచేసిన స్త్రీకి సగము కూలి ఇచ్చి, ఆదివారము ఆమె ప్రక్కనే మోకరించి చేతులు చాపువాడు మన సంఘములో ఉన్నాడా? తూకములో మోసము చేసిన చేయి కానుక సంచిలో పడుచున్నదా? చేలు కోసినవారి కూలి మొరపెట్టుచున్నదని యాకోబు 5:4లో వ్రాయబడియున్నది. అది మన బైబిలులోనే ఉన్నది.

పసుపు మరక కొన్ని దినములకు పోవును. కూలి బిగపట్టిన చేతికి అంటినది సబ్బుతో పోదు.

ఇంకొకటి. మన తెలుగు దేశములో ఒకే పాత్రలో త్రాగుట చిన్న సంగతి కాదు. బావి వేరు, గ్లాసు వేరు, శ్మశానము వేరు అనిన దేశములో ప్రభువు ఒక్క పాత్రను మన ముందర పెట్టెను. అయినను మాల మాదిగ యను భేదము మన సంఘములలో పూర్తిగా పోలేదని మనకే తెలియును. బల్లయొద్ద కలిసి, పెండ్లి సంబంధమునొద్దను సంఘపు ఎన్నికలయొద్దను విడిపోవుచున్నాము. కథోలికులలోను ఈ బాధ కలదు. 2022 ఆగష్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోనిగారు కార్డినలుగా నియమింపబడిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ స్థానమునకు వచ్చిన మొదటివారు ఆయనే. దానికి సంతోషింపవలెను. మొదటివానికొరకు అన్ని శతాబ్దములు ఎందుకు పట్టెనని రెండు సంఘములవారమును తలవంచుకొనవలెను.

మన దగ్గరనే డిచ్‌పల్లి కలదు. కుష్ఠరోగిని తాకుటకు తల్లిదండ్రులు సహితము వెరచిన దినములలో, వెస్లియను మిషనుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారును ఆమె భర్త జార్జి కెర్‌గారును అక్కడ వారికొరకు ఆసుపత్రి స్థాపించిరి. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడుగారు హిందువైనను ఆ పనికి విరివిగా ధన సహాయము చేసిరి. ఆ అమ్మగారు 1932లో మరణించిరి. నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమగు జబ్బు. అప్పుడు అట్లు కాదు. ప్రభువు శరీరమును వివేచించుట అనగా ఏమని ఎవరైన నన్ను అడిగినయెడల, నేను ముందుగా ఏ పుస్తకమును చూపను. ఊరు త్రోసివేసిన శరీరమును తన చేతులతో కడిగి కట్టుకట్టిన ఆ పనిని చూపెదను.

ఆ తల్లికి జవాబు

ఇప్పుడు ఆ తల్లి మొదటి ప్రశ్న. బిడ్డ అక్కడి అప్పము తీసికొనవచ్చునా? అమ్మా, కథోలిక సంఘపు నియమము ప్రకారము, వారి సంఘములో చేరని మనవంటివారికి సామాన్యముగా దివ్యసత్ప్రసాదము ఇయ్యరు. ప్రాణాపాయము మొదలైన విశేష సమయములలో మాత్రము కొన్ని షరతులకు లోబడి ఇయ్యవచ్చునని ఉన్నది. వారి ఇంటి మర్యాదను మనము గౌరవింపవలెను. తెలియనట్లు వరుసలో నిలిచి పుచ్చుకొనుట తగదు. బిడ్డ భర్తతో కూడ వెళ్లనీ, వాక్యము విననీ, మోకరించి ప్రార్థించనీ. అత్తగారి విశ్వాసమును ఎగతాళి చేయవద్దు. తన విశ్వాసమును దాచుకొననువద్దు. వారి సంఘములో చేరుటయా మానుటయా అనునది బలవంతముచేత కాక, ప్రార్థనతోను తెలివితోను ఆమె మనస్సాక్షి నిర్ణయింపవలసినది. మీరు వియ్యపువారితో బల్లను గూర్చి జగడమాడక, ఒకే బల్ల లేనందుకు కలిసి దుఃఖపడుడి. ఆ దుఃఖము కూడ ఒక ప్రార్థనయే. సంఘము చీలియుండుట మన ప్రభువు శరీరమునకు గాయము, అందులో ఇరువైపుల పాపము కలదు.

అప్పమును రొట్టెయు ఒకటేనా యని అడిగితివి. ప్రభువు ఒక్కడే, ఆయన సిలువ ఒక్కటే. అందులో ఆయన ఏ విధముగా ఉన్నాడను విషయములో మేము ఇంకను ఏకీభవింపలేదు. నేను మన సంఘపు బోధయందే నిలిచియున్నాను. అయితే మందసము ఎదుట మోకరించు కథోలిక సహోదరుని చూచినప్పుడు, మిగిలిన రొట్టెను నిర్లక్ష్యముగా పారవేయు మన అలవాటునుబట్టి సిగ్గుపడుచున్నాను. బల్లయొద్ద మనవారు ఒక్క పాత్రలో త్రాగుట చూచి అతడును మననుండి ఏదో నేర్చుకొనవచ్చును.

రెండవ ప్రశ్న నీ చేతులను గూర్చినది. అమ్మా, ఆ చేతులను దాచుకొనవద్దు. రొట్టె భూమినుండియు చేతికష్టమునుండియు వచ్చినది. నీ చేతులమీదనున్నదియు ఆ భూమియే, ఆ కష్టమే. ప్రభువు వడ్రంగి, ఆయన చేతులకు కాయలు కాచియుండును. వాటికే మేకులు కొట్టిరి. నిన్ను చూచి వెనుదీయువాడు ఆయన కాడు. నీ కూలి నీకు ముట్టకున్నయెడల, సిగ్గుపడవలసినది వేరొకరి చేతులు. అవి ఎంత తెల్లగా కడుగబడినను సరే.

ప్రియులారా, వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము రాత్రి ఇంటిలో దీపముయొద్ద కూర్చుండి ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడి. నేను ఎవనికైన కూలిగాని బాకీగాని ఇయ్యవలసి యున్నానా? నాతో బల్లయొద్దకు వచ్చువారిలో నేను చేయి కలుపనివాడు ఉన్నాడా? నేను తక్కువగా మాటలాడిన వేరొక సంఘస్థుడు ఉన్నాడా? ఉన్నయెడల, మత్తయి 5:23-24 ప్రకారము మొదట వెళ్లి సమాధానపడుడి. రాత్రియైనను వెళ్లుడి. తరువాత వచ్చి పుచ్చుకొనుడి. బల్లను తప్పించుకొనుటకు ఈ ప్రశ్నలు కావు, ఆకలితో బల్లయొద్దకు వచ్చుటకే.

ప్రార్థన

జీవాహారమైన ప్రభువా, నీ బల్లయొద్ద మేము నిన్ను పుచ్చుకొని, బయటికి వచ్చి నిన్ను గుర్తింపక పోవుచున్నాము, క్షమించుము. కూలివాని కూలిని, దీనుని గౌరవమును బిగపట్టిన మా చేతులను తెరువుము. వేరు వేరు బల్లలయొద్ద కూర్చున్న నీ పిల్లలను ఒక్క బల్లయొద్దకు నడిపించుము. పొలములలో శ్రమపడు నీ బిడ్డలు సిగ్గులేక చేతులు చాపి, తృప్తిగా భుజించునట్లు కృప చూపుము. నీ నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.